లోపలాయనకో సాక్షి

స్పిరిటు దీపం మీద చాకు కొన వేడెక్కగానే తీసి, గులాబిరంగు మైనాన్ని చిగురు వంపు వెంట సన్నగా పారించాడు. ఎదురుగా ప్లాస్టరు దవడ నోరు తెరుచుకుని ఉంది. ముందుపళ్ళు కుదురుగానే నిలబడ్డాయి. పక్కపన్ను ఒకటి మాత్రం కాస్త బయటికి చూస్తోంది. బొటనవేలితో నొక్కి లోపలికి జరిపాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, వెంట్రుకవాసి బయటికి లాగాడు. మరీ గీత గీసినట్టుంటే ఆ మనిషి నవ్వు అబద్ధంలా కనిపిస్తుందని అతని అభిప్రాయం.

పళ్ళ ఆసుపత్రి వెనక గది అది. కిటికీ లేదు. గోడకున్న ఫ్యాను ప్లాస్టరు పొడిని బయటికి లాగలేక మూలుగుతూ ఉంటుంది. ముందు గదిలో డాక్టరుగారు పేషెంట్ల నోటి అచ్చు తీసి లోపలికి పంపిస్తారు. ఇతను పళ్ళసెట్టు చేసి బయటికి పంపిస్తాడు. ఎక్కడ చేయిస్తారని ఎవరైనా అడిగితే, "పెద్ద ల్యాబు నుంచి వస్తాయి" అంటారు డాక్టరుగారు. ఆ పెద్ద ల్యాబు ఇదే. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిలు ఎందరు మారినా, అందరూ అతన్ని 'లోపలాయన' అనే పిలిచారు. ఆ పిలుపు ఇంటిదాకా వచ్చేసింది. భార్యకు కోపం వచ్చినప్పుడల్లా, "లోపలాయన కాస్త బయటికొచ్చి కూరగాయలు తెస్తారా?" అంటుంది.

పెళ్ళయిన కొత్తలో చేరాడు. ఇప్పుడు కూతురు కాలేజీలో చదువుతోంది. వీధిలో ఎవరైనా నవ్వితే ముందు పళ్ళే చూస్తాడు. తను చేసినవైతే ఇట్టే తెలిసిపోతుంది. ఆ మనిషి ఎవరో మాత్రం తెలియదు.

పరాయి దేశంలో కట్టుడుపళ్ళు చేసేవాళ్ళు కావాలట, కుటుంబంతో సహా రానిస్తారట అని భార్యే ఎక్కడో విని వచ్చింది. వయసు దాటిపోకముందే వెళ్ళాలని పట్టుబట్టింది. అన్నీ సమకూరాయి. ఇక్కడ పనిచేస్తున్నాడని డాక్టరుగారు రాసివ్వాల్సిన ఉత్తరం ఒక్కటే మిగిలిపోయింది.

"నువ్వు నా దగ్గర పనిచేశావని రాసిస్తే, ఇన్నేళ్ళూ ఇతని పేరు ఎక్కడా ఎందుకు చూపించలేదని నన్నడుగుతారయ్యా," అన్నారు డాక్టరుగారు. "నా సంగతి కూడా ఆలోచించు. వెళ్తానంటే ఆపను. ఇది మాత్రం అడక్కు." భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పారు. తనే ఏదో తప్పు చేసినట్టు "సరేనండీ" అని వచ్చేశాడు.

వీసా పనులు చూసే ఏజెంటు తేలిగ్గా తీసుకున్నాడు. "ఉత్తరం లేకపోతే కొంపేం మునిగిపోదు. జీతం బ్యాంకులో పడుతుందా?"

"చేతికిస్తారు."

"పోనీ, ఆసుపత్రిలో ఫొటోలేమైనా?"

ఉన్నాయి. ఏటా అందరూ వరసలో నిలబడి తీయించుకునేవాళ్ళు. తీసేది ఇతనే కాబట్టి ఒక్కదాన్లోనూ ఇతను లేడు.

"అయితే మీతో పనిచేసినవాళ్ళెవరైనా నోటరీ ముందు ప్రమాణం చేసి చెప్పాలి. అలాంటివాళ్ళు ఒక్కరైనా ఉంటారు కదండీ?"

ఆ 'ఒక్కరైనా' అన్న మాటకు ఇతనికి మొహం చెల్లలేదు. ఇప్పుడున్న రిసెప్షన్ అమ్మాయి నిన్నగాక మొన్న వచ్చింది. పాత అమ్మాయిని వెతికి ఫోను చేస్తే, "మా ఆయన ఒప్పుకోరండీ" అంది. ఇక మిగిలింది ఆయమ్మ.

నేల తుడవడం, సామాను మరగబెట్టడం, టీ తేవడం ఆయమ్మ పని. ఆ పొద్దున కూడా టీ తెచ్చి బల్ల చివర పెట్టి, గుమ్మంలో కూర్చుని, తన బిస్కెట్టు టీలో నానబెట్టుకుంటోంది. బిస్కెట్టు మెత్తగా కరిగిపోయేదాకా ఆగి, గ్లాసెత్తి తాగేస్తుంది. రోజూ అంతే. ఆవిడకదో సరదా అనుకునేవాడు.

అతను చాకు పక్కన పెట్టాడు.

"ఆయమ్మా, నువ్విక్కడ ఎప్పటినుంచి ఉన్నావు?"

"నువ్వు రాకముందు నుంచీ, బాబూ. వచ్చిన మొదటిరోజే నువ్వు చెయ్యి కాల్చుకుంటే నీళ్ళు పోసింది నేనేగా." ఎప్పట్లాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అతనికది గుర్తులేదు. సంగతంతా చెప్పాడు. డాక్టరుగారికి తెలిస్తే ఏమవుతుందో అతను అనలేదు, ఆమె అడగలేదు.

"చూసిందే కదా చెప్పాలి," అందామె. "మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి వస్తా."

జిరాక్సు షాపు పక్కన, మెట్ల కింద ఇరుకు గది నోటరీ లాయరుది. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళజోడు పైనుంచి చూస్తూ ప్రశ్నలు అడిగాడు. ఆయమ్మ కుర్చీ అంచున ఒదిగి కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకునే జవాబులు చెప్పింది. మాటలు వేళ్ళ మధ్య చిక్కుకుపోతున్నాయి.

"ఏమ్మా, నోట్లో ఏమైనా ఉందా? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ చెయ్యి తీసి చెప్పు."

ఆమె ఒకసారి ఇతనివైపు చూసింది. మెల్లగా చెయ్యి ఒళ్ళోకి దించుకుంది.

పైన ఒక్క పన్ను లేదు. కింద ఓ పక్కన రెండు మిగిలాయి. పెదాలు లోపలికి ముడుచుకుపోయి, బుగ్గలు గుంటపడి ఉన్నాయి. ఇన్నేళ్ళూ టీ గ్లాసు అందుకుంటూ ఆ మొహాన్ని తను ఎప్పుడూ చూడనేలేదని అతనికి అర్థమైంది.

"ఇంతకీ ఈయన ఏం పని చేస్తాడన్నావు?" అన్నాడు లాయరు.

"పళ్ళు కడతాడండీ. మైనంతో నిలబెట్టి, ఉడకబెట్టి, అరగదీసి... ఎంత బాగా చేస్తాడో! పెట్టుకున్నాక అద్దంలో చూసుకుని ఏడ్చేస్తారండీ కొందరు, సంతోషం పట్టలేక. ఈయన లోపలుంటాడు కదా, ఈయనకు తెలీదు. నేను చూశాను."

లాయరు ఆమె నోటివైపు చూశాడు. తర్వాత ఇతనివైపు చూశాడు. ఏదో అనబోయి, మానేసి, టైపు చేయసాగాడు. ఆయన ఏదో ఒకటి అనేసినా బాగుండేది. అతను తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. చెప్పుల మీద ప్లాస్టరు తెల్లగా ఎండి ఉంది.

బయటికొచ్చాక, బస్సుస్టాపు దగ్గర, ఎటో చూస్తూ అడిగాడు. "ఎప్పటినుంచి?"

"ఏంటి బాబూ?"

"పళ్ళు."

"అదా! చాలా కాలమైందిలే. ఒక్కొక్కటీ కదిలిపోతుంటే డాక్టరుగారే పీకేశారు. పైసా తీసుకోలేదు."

"మరి నన్నడగలేదేం?"

"నువ్వు పనిలో ఉండేవాడివి కదా," అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. బస్సు వస్తే మళ్ళీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఎక్కేసింది. అతనికి తల కొట్టేసినట్టయింది. అదే బస్సులో వెళ్ళాల్సినవాడు, ఎక్కలేక, ఇంటిదాకా నడిచాడు.

"పని అయిందా? ఏం చెప్పిందేమిటి ఆవిడ?" అంది భార్య వడ్డిస్తూ.

"నేను బాగా చేస్తానని చెప్పింది."

"హమ్మయ్య!"

ముద్ద నములుతుంటే తన పళ్ళ చప్పుడు తనకే వినపడింది. సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ కాగితం పనిచేసింది. పనిచేయబట్టే, కొన్నాళ్ళకు ఆ దేశం ఆఫీసువాళ్ళు ఆసుపత్రికి ఫోను చేశారు, ఈ సాక్షి నిజంగా మీ దగ్గరే పనిచేస్తోందా అని. రిసెప్షన్ అమ్మాయి, అవునని చెప్పేసి, తర్వాత డాక్టరుగారికి చెప్పింది. డాక్టరుగారు లోపలాయన్ని పిలవలేదు. ఆయమ్మను పిలిచారు. గోడ అవతలినుంచి మాటలు తెలియలేదు గానీ ఆయన గొంతు వినపడింది, ఎప్పట్లాగే నెమ్మదిగా, మర్యాదగా. కాసేపటికి ఆమె బకెట్టు బోర్లించి, గుమ్మం దగ్గరికొచ్చింది.

"వెళ్ళొస్తా బాబూ. రేపట్నుంచి వద్దన్నారు."

అతని చేతిలో చాకు వేడిగా ఉంది. దాన్ని కింద పెట్టేలోపు ఆమె వెళ్ళిపోయింది. ఆ వెనకే డాక్టరుగారు తొంగిచూశారు.

"ఆ మూడు సెట్లూ శుక్రవారానికి కావాలయ్యా."

ఆమె తప్పేం లేదండీ, నేనే అడిగాను, నన్ను పొమ్మనండి. ఇవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. పళ్ళు చేసేవాడు దొరకడు గానీ నేల తుడిచేవాళ్ళు దొరుకుతారని డాక్టరుగారికి తెలుసు. ఆ సంగతి తనకూ తెలుసు.

"సరేనండీ," అన్నాడు.

ఆమె ఇల్లెక్కడో అతనికి తెలియదు. మలుపులో కిరాణా కొట్టతన్ని అడిగి తెలుసుకుని, ఆదివారం అచ్చు తీసే సామానంతా సంచిలో వేసుకుని వెళ్ళాడు. ఒకటే గది, ఒకటే మంచం. ఆమె కంగారుపడి మంచం దులిపింది.

"ఈ వయసులో నాకెందుకు బాబూ ఇప్పుడు?"

"నోరు తెరువమ్మా," అన్నాడు.

అన్నేళ్ళలో ఒక మనిషి నోట్లోంచి తనే అచ్చు తీయడం అదే మొదటిసారి. ఆమె ఊపిరి అతని మణికట్టుకు తగిలింది. చేస్తున్నన్ని రోజులూ ఆ ప్లాస్టరు దవడ బల్ల మీదున్నా, ఆమె మొహమే కనిపించేది. సెట్టు పట్టుకెళ్ళి పెడితే, ఆమె అద్దంలో చాలాసేపు చూసుకుంది. ఏడవలేదు. పెదాలు మూసి, తెరిచి, మళ్ళీ మూసి, "ఎవరో పెద్దింటావిడలా ఉన్నానే!" అంది. కింది సెట్టు ఒత్తుకుంటోందని ఆమె చెప్పలేదు. కంట్లో తడి చూసి అతనే కనిపెట్టాడు. అరగదీసే ఆకురాయి తేవడం మర్చిపోయాడు.

"కొత్తవి అలాగే ఒత్తుతాయి. వచ్చే ఆదివారం వచ్చి సరిచేస్తాను. అందాకా ఓర్చుకో."

"తొందరేముంది బాబూ. వీలైనప్పుడే రా."

ఆ వారంలోనే వీసా వచ్చింది. తర్వాత ఒక్క ఆదివారమూ అతనిది కాలేదు. సామాను అమ్మడం, కూతురి కాలేజీ చుట్టూ తిరగడం, చుట్టాల ఇళ్ళలో భోజనాలు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటుండగానే ప్రయాణం రోజు వచ్చేసింది.

విమానాశ్రయానికి వెళ్తూ ఆ సందు మొదట్లో కారు ఆపించాడు.

"మళ్ళీ ఎక్కడికి? ఆలస్యమైపోతోందండీ," అంది భార్య.

"ఇప్పుడే వచ్చేస్తా." జేబులో ఆకురాయి ఉందో లేదో తడిమి చూసుకుని గబగబా నడిచాడు.

తలుపుకు తాళం ఉంది. పక్కింటామె బట్టలు ఆరేస్తూ, "రెండు వీధుల అవతల మెట్లు కడగడానికి కుదిరిందండీ. సాయంత్రానికి గానీ రాదు," అంది. "ఏమన్నా చెప్పమంటారా?"

వెనక కారు హారను మోగింది. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. ఒకసారి కాదు, రెండోసారి కూడా చూశాడు. హారను మళ్ళీ మోగింది. వెనక్కి తిరిగి, వచ్చినంత వేగంగానే నడిచి, కారెక్కి తలుపేసుకున్నాడు.

కిటికీ గట్టు మీద, పొద్దున్నే మార్చిన నీళ్ళ గాజుగ్లాసులో, పళ్ళసెట్టు తళతళలాడుతూ ఉంది, దుమ్ము పడకుండా పైన ఓ చిన్న స్టీలు మూతతో.