బెల్లం పోయే దారి

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో అందరికీ తెలుసు. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా నా గొంతు పోట్లాడుతున్నట్టే ఉంటుందని ఏసేపు పాస్టరుగారు నవ్వుతుంటారు. నవ్వనీ. కోపం రావలసిన చోట కూడా రానివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటివాళ్ళలో మొదటివాడు నా మొగుడు జయపాల్.

కోడుమూరు దాటాక రోడ్డు పక్కనున్న పలుగురాళ్ళ మిల్లులో ఆయన పని. తెల్లటి పలుగురాళ్ళను యంత్రంలో వేసి, గోధుమపిండి కన్నా మెత్తగా పొడి కొట్టి సంచులకెత్తుతారు. షెడ్డులో నిలబడితే ఎదురుగా ఉన్న మనిషి సరిగా కనబడడు. సాయంత్రం ఇంటికొచ్చిన జయపాల్ కనురెప్పలు కూడా నెరిసిపోయినట్టుండేవి. మా కూతురు మహిమ చిన్నప్పుడు వాళ్ళ నాయనను చూసి తాత వచ్చాడని నవ్వేది. అప్పుడు నేనూ నవ్వేదాన్ని.

యంత్రం మీద నీళ్ళు చిమ్మే పైపు ఒకటి ఉంది. నీళ్ళు చిమ్మితే దుమ్ము లేవదు. కానీ ఆ పైపు ఆఫీసర్లు వచ్చిన రోజు మాత్రమే పనిచేస్తుంది. మిగతా రోజుల్లో నీళ్ళు చిమ్మితే పొడి ముద్దయి జల్లెడకు అంటుకుంటుందట, కొనేవాళ్ళు సంచులు వెనక్కి పంపుతారట. ఈ సంగతి చెప్పింది మిల్లు యజమాని సుధీర్. వాళ్ళ నాయన పోయాక మిల్లు ఆయన చేతికొచ్చింది. రాగానే చేసిన మొదటి పని, గాలి ఎటు వీస్తుందో చూసుకుని, దుమ్ము రాని పక్కన అద్దాల ఆఫీసు కట్టుకోవడం.

నీళ్ళకు బదులు కూలీలకు బెల్లం ఇచ్చేవాళ్ళు. రోజూ షిఫ్టు మారేటప్పుడు తలా ఒక గడ్డ. బెల్లం తింటే గొంతులో, గుండెల్లో పట్టిన దుమ్ము కరిగి కడుపులోకి జారిపోతుందని మిల్లులో అందరి నమ్మకం. మామూలు రోజుల్లో సూపర్‌వైజర్ దేవేంద్రప్ప పంచేవాడు. శనివారం మాత్రం సుధీర్ వాళ్ళమ్మ గురమ్మ కారులో వచ్చి తన చేత్తో పంచేది. కొత్తగా చేరేవాళ్ళు మొదటి గడ్డ ఆమె చేతి నుంచే తీసుకోవాలి. అది తీసుకుంటే ఇక పనిలో చేరినట్టే.

గురమ్మ చెడ్డమనిషి కాదు. అదే నా ప్రాణానికొచ్చిన తంటా. చెడ్డమనిషైతే ఎప్పుడో తిట్టిపోసి ఉందును. ఆమె ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. దగ్గేవాడికి రెండు గడ్డలు ఇస్తుంది. మహిమ పుట్టినప్పుడు చీర పెట్టింది. జయపాల్ దృష్టిలో ఆమె మాటంటే బైబిలు తర్వాత బైబిలు.

జయపాల్‌కు దగ్గు మొదలై శానా కాలమైంది. మొదట పొడిదగ్గు. తర్వాత ఆయాసం. ఒకప్పుడు సంచిని భుజానికెత్తుకుని పరిగెత్తినంత పనిచేసేవాడు, బిందెడు నీళ్ళు మోసి గుమ్మం దగ్గర కూలబడిపోవడం మొదలుపెట్టాడు. దగ్గర్లోని ఆసుపత్రిలో టీబీ అన్నారు. కళ్ళెలో పురుగు కనబడలేదు గానీ ఎక్స్‌రే అలాగే ఉందన్నారు. ఒక కోర్సు మందులు మింగాడు. తగ్గలేదు. రెండో కోర్సు మింగాడు. చర్చిలో ఆయన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఒంట్లో మాంసం కరిగిపోయింది గానీ ఆయాసం తగ్గలేదు.

పనికి పోలేని మనిషికి గురమ్మ కబురు పంపింది. జయపాల్ స్థలం ఖాళీగా పెట్టలేమనీ, బయటివాళ్ళకు ఇవ్వడానికి మనసొప్పడం లేదనీ, కూతురు ఇంటర్ అయిపోయి ఇంట్లోనే ఉంది కాబట్టి సంచులు నింపే పనికి పంపమనీ. ఈయన వెంటనే ఒప్పేసుకున్నాడు. నన్ను ఒక్కమాట అడగలేదు. వచ్చే శనివారం మహిమ గురమ్మ చేతి బెల్లం తీసుకోవాలి, సోమవారం షెడ్డులోకి దిగాలి.

నా మనసు ఏదో కీడు శంకించింది. కోసిగి నుంచి వచ్చి ఆయనతో పాటు పనిచేసిన ఇద్దరు మగవాళ్ళు ఇలాగే టీబీ అనుకుంటూ ఎండిపోయి చనిపోయారు. వాళ్ళ పెళ్ళాలకు, పిల్లలకు టీబీ అంటలేదు. మాకూ అంటలేదు. ఒకే గుడిసెలో పడుకునేవాళ్ళకు అంటని జబ్బు ఆ షెడ్డులో మాత్రం ఎలా అంటుతుందని నా అనుమానం. శుక్రవారం పొద్దున్నే ఆయనను బలవంతంగా బస్సెక్కించి కర్నూల్లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ పేరు రమణి. వయసు తక్కువ. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, అంతవరకూ ఏ డాక్టరూ అడగని మాట అడిగింది. ఏం పని చేస్తావని. జయపాల్ చెప్పగానే ఆమె కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకుంది.

తర్వాత ఓపిగ్గా చెప్పింది. మనం పీల్చిన గాలి గొట్టంలోంచి దిగి, కొమ్మలు రెమ్మలుగా చీలిన సన్నని గొట్టాల్లోకి పోతుందట. వాటి చివర కంటికి కనబడనంత చిన్న గాలితిత్తులు కోట్లకొద్దీ ఉంటాయట. వాటి గోడలు ఎంత పల్చనంటే, అక్కడే గాలిలోని సత్తువ నెత్తురులోకి దిగుతుంది, నెత్తురులోని చెడుగాలి బయటికొస్తుంది. మామూలు దుమ్మును ముక్కు వెంట్రుకలు ఆపుతాయి, తప్పించుకున్నదాన్ని కళ్ళె పట్టుకుని పైకి తోసేస్తుంది. కానీ ఈ పలుగురాతి పొడి మరీ సన్నం. అన్నీ దాటుకుని ఆ గాలితిత్తుల్లోకే పోయి కూర్చుంటుంది. రాయిని ఒళ్ళు అరిగించుకోలేదు కదా. దాని చుట్టూ పుండు పడి, మాని, మళ్ళీ పడి, గోడలు మందమైపోతాయి. పుండు మానిన చోట చర్మం ఎలా గట్టిపడుతుందో అలా. అలా గట్టిపడిన ఊపిరితిత్తి గాలి పీల్చినా సాగదు.

జబ్బు పేరు సిలికోసిస్ అంది. మందు లేదంది. మళ్ళీ దుమ్ములోకి పోకుండా ఉంటే మిగిలిన ఊపిరిని కాపాడుకోవచ్చు, అంతే. జయపాల్ అంతా విని, పిల్లవాడు టీచరుకు చెప్పినట్టు, తాను ఒక్కరోజు కూడా బెల్లం మానలేదని చెప్పాడు.

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది.

"బెల్లం తిండిగొట్టంలో కడుపులోకి పోతుంది. దుమ్ము గాలిగొట్టంలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతు దగ్గర విడిపోయిన ఆ రెండు దార్లూ కింద ఎక్కడా కలవవు. ఈ మాట మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కోడిని కోసినప్పుడల్లా రెండు గొట్టాలనూ నా వేళ్ళతోనే విడదీసి పారేసేదాన్ని. అయినా మనిషి గొంతులో బెల్లం దుమ్మును వెతుక్కుంటూ పోతుందని అందరం నమ్మాం. నమ్మించేవాళ్ళు తియ్యగా నమ్మించారు.

తిరుగు బస్సులో జయపాల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఆమెకేం తెలుసన్నాడు. గురమ్మ నలభై ఏళ్ళుగా మిల్లు చూస్తోందన్నాడు. అసలు మాట ఇంటికొచ్చాక బయటపడింది.

"మహిమను పంపుతానని చెప్పినా వరమ్మా. ఇప్పుడు కాదంటే నా మాట పోతాది."

"నీ ఊపిరే పోతాండాది. మాట పోతే ఏమప్పా?" అన్నాను.

గొడవ పడటానికి కూడా ఊపిరి చాలని మనిషితో గొడవ పడటం ఎంత కష్టమో నాకు ఆ పూట తెలిసింది. మహిమ మధ్యలోకొచ్చి, నాయన మాట పోకూడదనీ, కొన్నాళ్ళు చేసి మానేస్తాననీ అంది. చనిపోయిన ఆ కోసిగివాళ్ళు ఇద్దరూ కొన్నాళ్ళకే అనుకుని వచ్చారని చెప్పాను. చెవిన వేసుకోలేదు. మంచితనం వాళ్ళ నాయన నుంచి వచ్చింది, మొండితనం నా నుంచి వచ్చింది. అది ఇక మాట వినే పిల్లేనా?

శనివారం ముగ్గురం మిల్లుకు పోయాం. నేను నోరు తెరవనని ఆయనకు మాటిచ్చాను. ఆ మాట పోయినా నాకేం కాదనుకునే ఇచ్చాను.

షిఫ్టు మారే వేళ. ఒక జట్టు బయటికొచ్చింది, ఇంకో జట్టు లోపలికి పోవడానికి నిలబడింది, యంత్రం మాత్రం ఆగకుండా తిరుగుతోంది. గురమ్మ గేటు పక్కన కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో బెల్లం బుట్ట. మహిమను చూసి ముఖమంతా నవ్వైపోయింది. దగ్గరికి పిలిచి, తల నిమిరి, మంచి గడ్డ ఏరి చెయ్యి చాపింది. నా బిడ్డ కూడా చెయ్యి చాపింది.

ఆ రెండు చేతుల మధ్యకు నేను పోయి నిలబడ్డాను.

"అమ్మా, ఈ బెల్లం తింటే దుమ్ము లోపల నిలవదంటావు. అంతే కదా?"

"అంతే వరమ్మా. మా అత్త కాలం నుంచీ చూస్తాండా."

"అట్లయితే నువ్వొక గడ్డ నోట్లో ఏసుకోని షెడ్డులో కూచో. నా కూతురు పని చేయాల్సిన తావులోనే కూచో. గంటసేపు చాలు. నువ్వు లేచొచ్చినాక నేనే దీన్ని తెచ్చి నీ చేతిలో పెడతా."

దేవేంద్రప్ప నా మీదికి అరుచుకుంటూ వచ్చాడు. జయపాల్ నా భుజం పట్టుకుని లాగాడు. ఆ లాగుడులో పిల్లవాడికున్నంత బలం కూడా లేదు. గురమ్మ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. ఆమెకు కోపం రాలేదు. నన్ను చూసి జాలిపడింది కూడాను. మొగుడికి బాగాలేక మతి చెదిరిందనుకుంది కాబోలు. బెల్లం గడ్డ నోట్లో వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, నేరుగా షెడ్డులోకి నడిచింది. సంచుల మీద కూర్చుంది. ఆమెకు తన బెల్లం మీద నమ్మకం ఉంది. ఆ ఒక్కమాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

కాసేపటికే ఆమె మెరూన్ చీర రంగు కనబడకుండా పోయింది. అందరం షెడ్డు దాకా పోయి బయట నిలబడి చూస్తున్నాం. ఇంతలో అద్దాల ఆఫీసు తలుపు దభాలున తెరుచుకుంది. సుధీర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇక ఒక్క అడుగు లోపలికి వేయకుండా నిలబడిపోయాడు.

"అమ్మా, బయటికి రా. ఆ దుమ్ము లోపలికి పోతే మళ్ళా రాదు. ఊపిరితిత్తులు రాయైపోతాయి. దానికి మందు కూడా లేదు."

డాక్టరమ్మ చెప్పిందీ ఇదే. ఆమె మా ముఖాలు చూసి చెప్పింది. ఈయన ఇన్నేళ్ళు మా ముఖాలు చూసి కూడా చెప్పలేదు.

గురమ్మ లోపలి నుంచి, బుగ్గన ఉన్న గడ్డ అలాగే ఉండగా, "బెల్లం తిన్నా కదరా" అంది.

"బెల్లమేం చేస్తాదిమా! అది వాళ్ళ తృప్తికి."

అన్నాక గానీ ఆయనకు మా సంగతి గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. రెండు జట్ల కూలీలూ, మేమూ అక్కడే ఉన్నాం. గురమ్మ కూడా కొడుకునే చూస్తోంది. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. ఆయన యంత్రం ఆపమని దేవేంద్రప్ప మీద అరిచాడు.

యంత్రం ఆగింది. నేను ఆ మిల్లులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు. ఎక్కడి నుంచని అందరూ అటూ ఇటూ చూశారు. పైపు లీకవుతోందనుకుని దేవేంద్రప్ప పైకి కూడా చూశాడు. తర్వాత ఒక్కొక్కరే జయపాల్ వైపు తిరిగారు. గేటు నుంచి షెడ్డు దాకా నడిచినందుకు ఆయన ఊపిరి అలా కూస్తోంది.

మహిమ వాళ్ళ నాయన నోటి వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో ఫ్యాను చప్పుడులో, టీవీ చప్పుడులో అది ఇంతలా వినబడదు. ఆయన ఏదో అనబోయి, ఊపిరి కూడగట్టుకుని, మాటలు విడివిడిగా పలికాడు.

"పాపా... నా మాట... పోతే పోనీలే. ఇంటికి... పోదాం."

సుధీర్, దేవేంద్రప్ప చెరో రెక్క పట్టుకుని గురమ్మను లేపారు. ఆమె మా ఎదుటి నుంచే నడిచింది గానీ తల ఎత్తలేదు. ఆమెను చూసి జాలిపడమని నాకెవరూ చెప్పొద్దు. ఆమెను కారులో కూర్చోబెట్టి, అద్దాలెత్తి, నీళ్ళ సీసా చేతికిచ్చి, కొడుకు జాగ్రత్తగా ఆసుపత్రికి పంపించాడు.

మేం ముగ్గురం జయపాల్ ఊపిరి కోసం ఆగుతూ, నడుస్తూ, ఇంకా రోడ్డెక్కనే లేదు. కారు మలుపు తిరిగింది. వెనక మిల్లు మళ్ళీ మొదలైంది.

వాళ్ళమ్మను బయటికి తెచ్చి పంపేంతసేపే ఆగింది అది. ఇప్పుడు లోపలికి పోయిన జట్టులో మహిమ వయసు పిల్లలు ఇద్దరున్నారు. నేను మహిమ చేతిని వాళ్ళ నాయన చేతిలో పెట్టి, నెమ్మదిగా నడిపించుకుని పొమ్మని చెప్పి, వెనక్కి తిరిగి మిల్లులోకి నడిచాను.