మా తాత పెట్టుకోని గడియారం

"ఆ గడియారం పాఠం ఒప్పజెప్పు," అంది మా అత్త. ఇంట్లో అందరం ఆమెను బీజీ అంటాం. నులక మంచం మీద కూర్చుని ఆవాకు తుంచుతోంది. నేను కింద కూర్చుని గోధుమపిండి కలుపుతున్నాను. బంగాళాదుంపలు తవ్వడానికి వచ్చిన కూలీలకు కూడా రొట్టెలు నేనే చెయ్యాలి.

పిడికిళ్ళతో పిండిని పొడుస్తూ ఇంగ్లీషులో ఒప్పజెప్పాను. మా తాత నాకొక గడియారం ఇచ్చాడు. అది పోయింది. నా చెయ్యి ఇప్పటికీ బోసిగా ఉంది. బీజీకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆగకుండా చెబితే పాఠం వచ్చినట్టు, ఆగితే రానట్టు.

"మళ్ళీ ఆగావు. ఈనే గేదె కూడా అన్నిసార్లు ఆగదు."

మా తాత జన్మలో గడియారం పెట్టుకోలేదు. అది జగ్‌రావ్‌లో మా ఇంగ్లీషు కోచింగ్ సెంటరు వాళ్ళు అందరికీ బట్టీ పట్టించే గడియారం. అక్కడ చదివిన ప్రతి పిల్లా దాన్ని పోగొట్టుకుంది. మొదటిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు నేనూ పోగొట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్నాయన రెండో వాక్యానికే కలం కింద పెట్టేశాడు. మాట్లాడే పరీక్షలో తొమ్మిదికి అయిదు వచ్చింది. అయిదుకి ఏ కాలేజీ తలుపూ తెరుచుకోదు.

నన్ను చేసుకున్నది ఆ పరీక్ష కోసమే. మా వైపు సంబంధాలు అలాగే కుదురుతాయి. పిల్ల పరీక్ష గట్టెక్కి కెనడాలో సీటు తెచ్చుకోవాలి. మొగుడన్న పేరుతో అబ్బాయి ఆ వెనకే విమానం ఎక్కుతాడు. పెళ్ళిచూపుల్లో మా మామ నా మొహం వైపు చూడలేదు. ఇంగ్లీషు ఎలా ఉంది అని అడిగాడు. అయిదు వచ్చిన రోజు నా భర్త గుర్తేజ్ రొట్టె తుంచుతూ, "పాలిస్తుందని తోలుకొచ్చాం. వట్టిపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను పప్పు వడ్డించాను.

పాలు పితికి, పేడ తీసి, వంట ముగించి బస్సెక్కి సెంటరుకు వెళ్ళేదాన్ని. మనిందర్ మేడం కొత్తగా వచ్చింది. వచ్చిన రోజే గడియారం కాయితాలు చింపేసింది.

"ఇక్కడ ఎవరి గడియారమూ పోలేదు. మీ సొంతవి చెప్పండి," అంది. తర్వాత బోర్డు మీద ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని రాసింది. "పోయింది అని ఇలా చెప్పామంటే, పోయి ఇంకా దొరకలేదని. దొరికిందా, ఈ మాట వాడకండి. ఏ రోజు పోయిందో చెప్పకండి. రోజు చెబితే అది అయిపోయిన సంగతి. ఇది ఇవాళ కూడా మీ మీద ఉన్న సంగతి."

ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడగమంది. ఎప్పుడైనా సముద్రం చూశావా, అంది నా పక్క పిల్ల. లేదు. ఎప్పుడైనా ఒక్కదానివే ప్రయాణం చేశావా. లేదు. ఎవరినైనా ఎదిరించావా. లేదు.

"అసలు పుట్టావా అక్కా?" అంది. నవ్వింది. నేనూ నవ్వాను.

మేడం విన్నది. "లేదు అనడం తప్పు కాదు రమణీక్. కానీ పరీక్షలో మాట్లాడాల్సిన రెండు నిమిషాలూ లేదు లేదు అంటూ కూర్చోలేవు కదా."

బస్సులో కూర్చుని నాకేం పోయిందా అని చూసుకున్నాను. పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. తిమ్మిరెక్కిన కాలు మన కాలేనా అని తడిమి చూసుకుంటాం. అలా తడిమాను. ఉంది.

పెళ్ళైన రెండో ఏడు, నేను కడుపుతో ఉండగా, నన్ను కారెక్కించి చాలా దూరం తీసుకెళ్ళారు. బోర్డు లేని గది. స్కానింగ్ మిషను పిడికి జెల్లీ రాసి నా పొట్ట మీద తిప్పారు. బయటికొచ్చిన మనిషి బీజీకి ఏదో చెప్పాడు. ఆమె నా వైపు చూడకుండా, "అమ్మవారు వచ్చింది," అంది. మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు గుర్తేజ్ పాటలు పెట్టాడు, తర్వాత తనే ఆపేశాడు. "ఇప్పుడు పిల్లంటే కెనడా ఫైలు ఆగిపోతుంది," అన్నాడు. "మగపిల్లాడైతే మాట వేరు," అంది బీజీ. ఇంటికొచ్చాక నెయ్యి వేసిన పాలు ఇచ్చింది. సాయంత్రం గేదెలు నా చేతికి తప్ప చేపవని పిలిచింది. వెళ్ళి పితికాను.

ఏడవలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. ఏం పోయిందని ఏడుస్తాను?

రెండోసారి పరీక్షలో ఎదురుగా ఒక ఆడమనిషి కూర్చుంది. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటోంది. మీకు ముఖ్యమైనదేదైనా పోయిందా, చెప్పండి అంది. గడియారం నాలుక మీదే ఉంది. ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేని మాట ఈ పరాయి మనిషికి చెబితే ఏమవుతుంది అనుకున్నాను. కూతురు పోయింది అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. గది గురించి, పాటల గురించి, పాల గురించి చెప్పాను. గంట మోగింది. ఆమె నన్ను వెంటనే ఆపలేదు. కాసేపటికి "థాంక్యూ" అంది. ఆమె మొహంలో ఏమీ లేదు. నా మొహంలోనూ ఉండి ఉండదు.

బయట కారులో గుర్తేజ్ సమోసా తింటున్నాడు. "మళ్ళీ గడియారమే చెప్పావా?"

"లేదు."

"బతికించావు," అన్నాడు.

ఈసారి ఏడు వచ్చింది. వీధంతా బర్ఫీ పంచారు. గుర్తేజ్ నన్ను పేరు పెట్టి పిలిచాడు. బీజీ తన చేత్తో నా నోట్లో బర్ఫీ పెట్టింది. నేను నమిలి మింగాను.

ఆ సాయంత్రం వంటింట్లో అందరూ ఉన్నారు. నా ఆడపడుచు అవ్‌నీత్ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. తనకూ సంబంధాలు చూస్తున్నారు. తనకూ అదే పరీక్ష.

"భాబీ, ఏం చెప్పావో నాకూ చెప్పు. బట్టీ పట్టేస్తాను."

"చెప్పు పుత్తర్," అంది బీజీ రొట్టెలు ఒత్తుతూ. "ఇంటి పిల్ల దగ్గర దాపరికమేంటి? దానికీ ఏడు రానీ."

"ఇంగ్లీషులో చెప్పు, మేమూ వింటాం," అన్నాడు గుర్తేజ్ ముందు పళ్ళెం పెట్టుకుని.

పెనం మీద రొట్టె వేశాను. అవ్‌నీత్ మొహం చూశాను. నోరు కొంచెం తెరిచి, బట్టీ పట్టడానికి సిద్ధంగా ఉంది. ఇంగ్లీషులో చెబితే నేర్చేసుకుంటుంది. రేపు జగ్‌రావ్‌లో అందరు పిల్లలూ నా కూతుర్నే పోగొట్టుకుంటారు. తను మాత్రం తెలియకుండానే కారెక్కుతుంది.

చేతులు తుడుచుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఇంగ్లీషులో వద్దు అవ్‌నీత్. మన మాటలోనే చెబుతాను. ఒక రోజు మీ అన్నా, మీ అమ్మా నన్ను కారెక్కించారు."

అప్పడాల కర్ర చప్పుడు ఆగింది. "రమణీక్," అంది బీజీ చాలా మెల్లగా. గుర్తేజ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"బోర్డు లేని గది," అన్నాను.

పెనం మీద రొట్టె మాడుతోంది. తిప్పే పని నాదే. నేను తిప్పలేదు.