చప్పుడు లేని మోటారు

బావ పడవ అడుగున బోర్లా పడుకుని, ప్రొపెల్లరు ఇరుసుకీ కొత్త మోటారుకీ మధ్య ఉన్న సందులో పలుచని ఉక్కు రేకు జొనిపి చూశాడు. పైన బిగుతుగా ఉంది, కింద వదులుగా ఉంది. మోటారు కాలి కింద మరో రేకు ముక్క పెట్టి, బోల్టు బిగించి, మళ్ళీ జొనిపాడు. ఈసారి చుట్టూ ఒకేలా జారింది. లేచి కూర్చుని నడుము పట్టుకున్నాడు.

ఆ పడవల మరమ్మతు యార్డు యజమాని ఆయన భార్యకు తమ్ముడు. అతను రోజంతా "బావా, బావా" అని కేకలేయడంతో వెల్డరుకీ, రంగులేసేవాళ్ళకీ, ఆఖరికి పడవలు తెచ్చే గిరాకీలకీ కూడా ఆయన బావ అయిపోయాడు. ఇంతమంది బామ్మర్దులున్న మనిషి లోకంలో ఇంకొకడు లేడని భార్య దెప్పేది.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. డీజిలు అరచేతి గీతల్లోకి ఇంకిపోయి ఏ సబ్బుకూ లొంగడం మానేసింది. లెక్క వేసి చూస్తే, ఇంజన్లు ఆయనకి అన్నం పెట్టాయి, ఇల్లు కట్టించాయి, కూతుర్ని చదివించాయి. బదులుగా చెవులు తీసుకున్నాయి. ఆ బేరం మరీ అన్యాయమని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. చిక్కల్లా ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం దగ్గరే వచ్చింది.

ఇంజను జబ్బు చెప్పడంలో ఆయనకి పేరుండేది. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, లోపలేం అరిగిందో చెప్పేవాడు. కొన్నేళ్ళుగా ఆ పిడిలోంచి ఏమీ రావడం లేదు. మనుషుల మాటలైతే పెదాలు చూసి పట్టుకునేవాడు, ఇంజనుకు పెదాలు లేవు. అయినా నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని, తల ఊపేవాడు. పొగ రంగును బట్టి, చేతికి తగిలే వణుకును బట్టి సగం తేల్చి, మిగతా సగం ఊహించి చెప్పేవాడు. ఏదో ఒకరోజు ఆ ఊహ తప్పి, ఎవరో సముద్రం మధ్య ఆగిపోతారు. ఆ భయంతో ఆయనకి సరిగా నిద్ర పట్టేది కాదు.

ఈ తెరచాప పడవ పళ్ల డాక్టరమ్మది. "రోజంతా నోళ్ళలో డ్రిల్లు మోత వింటాను. సముద్రం మీదికెళ్ళినా మళ్ళీ అదేనా?" అని డీజిలు ఇంజను తీయించి కరెంటు మోటారు పెట్టించమంది. బ్యాటరీలు అయిపోతే నింపడానికి ఓ చిన్న జనరేటరు ఉంటుంది. పరీక్ష ఇవాళే. నచ్చకపోతే పాత ఇంజను తిరిగి పెట్టాలన్నది ఒప్పందం. నచ్చితే మాత్రం వరసలో కాచుకున్న పడవలన్నీ ఇలాగే మారతాయి. వైరింగు నేర్చిన బామ్మర్ది కూతురు పని చూసుకుంటుంది. బావ ఇంటికి పోవచ్చు. పాత ఇంజను పోతోందని యార్డంతా ఆయన మీద జాలి పడుతోంది. ఆయన మాత్రం అది ఎప్పుడు పోతుందా అని చూస్తున్నాడు.

క్రేను పడవను నీళ్ళలో దింపింది. పట్టీలు వదిలేసరికి పడవ ముక్కు కిందికి వాలింది. వెనకభాగం పైకి లేచింది.

"ఇదేంటి బావా, పడవ దండం పెడుతోంది?" అన్నాడు బామ్మర్ది.

డాక్టరమ్మ చేతులు కట్టుకుంది. "నేను మీకిచ్చినప్పుడు బాగానే నిలబడింది."

బావ గట్టు మీద కూలబడి ఆలోచించాడు. బ్యాటరీలు పడవ ముందువైపు మంచం కింద పొడిగా ఉంటాయని అక్కడ పెట్టించింది ఆయనే. తీసిన ఇంజను తూచాడు, ఎక్కించిన బ్యాటరీలు తూచాడు, బరువు సరిపోయిందనుకున్నాడు.

"ట్యాంకు!" అన్నాడు నెత్తి కొట్టుకుని. "వెనకున్న డీజిలు ట్యాంకు కూడా తీసేశాం కదరా. అందులో పోయడమే గానీ, పోసిందానికి బరువుంటుందని ఏనాడైనా అనుకున్నామా?"

"పోనీలే బావా, పాతదే పెట్టేద్దాం. నీకూ అదేగా ఇష్టం."

"వద్దు!"

ఆ అరుపుకి రంగులేసేవాళ్ళు కుంచెలు ఆపి చూశారు. డాక్టరమ్మ కూడా ఉలిక్కిపడింది. "సరే, సాయంత్రం దాకా చూస్తాను," అంది మెత్తగా.

బామ్మర్ది కూతురు అప్పటికే పలకలు ఊడదీస్తోంది. "సగం బ్యాటరీలు ట్యాంకు చోటికి మారుద్దాం మావయ్యా. తీగలు చాలవు, కొత్తవి కోస్తాను," అంది. బావ ఒక్కో బ్యాటరీని పొట్టకు ఆనించుకుని వెనక్కి మోశాడు. ఒక్కోటి చేరినప్పుడల్లా పడవ ముక్కు కాస్త కాస్త లేచింది. ఎండ వాలేసరికి పడవ బుద్ధిగా నిలబడింది.

అందరూ ఎక్కారు. అమ్మాయి మోటారు నడిపే పిడి ముందుకు తోసింది. అందరూ తలలు వంచి విన్నారు.

"వేశావా అమ్మాయ్?" అంది డాక్టరమ్మ.

"వేశానండీ."

"మరి చప్పుడేదీ?"

"అదేగా మీరు వద్దన్నది!"

గట్టు మీది స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయి. ఆ పడవలో మొదటిసారి అందరికీ బావకు వినిపించినంతే వినిపించింది.

బయటికొచ్చాక తెరచాప ఎత్తి మోటారు ఆపారు. గాలి పడవను లాగింది. నీళ్ళు ప్రొపెల్లరును తిప్పాయి. మీటరులో ముల్లు అటునుంచి ఇటు ఒరిగింది.

"ఇప్పుడు బ్యాటరీ నిండుతోంది మావయ్యా," అని అమ్మాయి గట్టిగా చెప్పింది.

తాగిన చుక్క తిరిగిచ్చిన ఇంజనును బావ జన్మలో చూడలేదు. ముల్లు వైపే చూస్తూ ఉండిపోయాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది. చాలాసేపటికి, "ఆ పాతది ఎవరికైనా ఇచ్చేయండి," అంది.

షెడ్డుకు తిరిగొచ్చాక బావ గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి నేను రాను రా. చెవులు పోయాయి. చాన్నాళ్ళయింది."

బామ్మర్ది ఆయన వంక వింతగా చూశాడు. "ఇది చెప్పడానికా ఇంత ముస్తాబు? యార్డులో కుక్కకి కూడా తెలుసు బావా. నిన్ను చూసి మొరగడం అదెప్పుడో దండగని మానేసింది."

"మరి నేను చూసిన ఇంజన్లు?"

తీగలు చుడుతున్న అమ్మాయి తలెత్తింది. "మీరెళ్ళాక నేను మళ్ళీ చూసేదాన్ని మావయ్యా. అన్నీనూ. కొన్ని మార్చాను. ఎన్నని మాత్రం అడక్కండి."

సిగ్గు వస్తుందని బావ కాసేపు కాచుకున్నాడు. అది రాలేదు. తను ఒక్కడే మోస్తున్నాననుకున్న మూటకు వెనక నుంచి ఇంకెవరో చెయ్యి వేసి ఉన్నారు. ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది.

"ముందే అఘోరించొచ్చుగా!"

"నిన్ను ఇంట్లో కూర్చోబెడితే అక్కకి ఎవరు జవాబు చెప్తారు? మా ఇంటికొచ్చి అరుస్తుంది."

"అరిస్తే మంచిదే. నాకు వినపడేది అదొక్కటే."

ముగ్గురూ నవ్వారు. బావ చేతులు కడుక్కున్నాడు, అలవాటు కొద్దీ వాసన చూసుకున్నాడు, గేటు దాటి వెళ్ళిపోయాడు.

దీపాలు ఆర్పబోతూ అమ్మాయి ఆగింది. గోడ మేకుకి ఆయన పనిచొక్కా వేలాడుతోంది. నూనె తాగి అట్టకట్టిన దాని చేతులు, ఏదో బరువు ఎత్తబోతున్నట్టు, మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి.