నాలుగే కాడలు

రోజూ పొద్దున్నే నాయనమ్మ చేసే మొదటి పని పెరట్లోకి వెళ్లి, ఆ సాయంత్రం ఇంట్లో ఎంతమంది తింటారో చూసి రావడం.

ఒక చేతిలో వంకర కత్తి, ఇంకో చేతిలో చిల్లుల గిన్నె. ముందు పుదీనాని తిట్టేది. అడుగు ఊడిన బకెట్లో పాతిపెట్టినా అది కింద నుంచి వేళ్లు చాపి పక్క మడిలోకి దూరేది. "నీకు కాస్త చోటిస్తే ఇల్లు రాయించుకునే రకానివి" అని నాలుగు తీగలు పీకి పారేసేది. తర్వాత కొత్తిమీర, రోజ్‌మేరీ, మనిషెత్తు పెరిగిన సోంపు. ఒక్కో రెమ్మ తుంచి వాసన చూసుకుంటూ గోడవార, లేత కాడలు కోసి వండుకునే ఆస్పరాగస్ మడి దగ్గరికి చేరేది. అక్కడ మాత్రం తిట్లుండవు. నాటిన కొత్తలో రెండేళ్లపాటు ఒక్క కాడ కూడా కొయ్యకుండా, అవి ఈకల్లా విచ్చుకుని పండి ఎండిపోయేదాకా ఆగిన మనిషి ఆవిడ. వేళ్లు బలపడకుండా కోస్తే మడి చస్తుందట. ఈ కథ చెబుతున్నవాడి చేతిలో ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుంది కాబట్టి, మొక్కల సంగతులన్నీ ఆవిడ చెప్పినవేనని మనవి.

కోతలు మొదలైనప్పటి నుంచీ మడి లెక్క తప్పలేదు. సాయంత్రం బల్ల చుట్టూ ఎంతమంది కూర్చుంటారో, ఆ పొద్దున అన్ని కాడలు జానెడెత్తున లేచి నిలబడేవి. ఇంట్లో నాయనమ్మ, పెద్ద కొడుకు, కోడలు, వాళ్లమ్మాయి, ఆ అమ్మాయి బాబాయి, మొత్తం ఐదుగురు, కాబట్టి ఐదు కాడలు. ఒకరోజు ఆరు లేస్తే కోడలు మారు మాట్లాడకుండా ఇంకో కంచం కడిగి పెట్టింది. కుళాయి బాగుచెయ్యడానికొచ్చినవాడు వానలో చిక్కుకుపోయి, ఇక్కడే తిని, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ వెళ్లాడు. కోతల కాలం అయిపోయాక మాత్రం వీళ్లూ లోకంలో అందరిలాగే, ఎవరొస్తారో ఎవరు రారో తెలియకుండా గుడ్డిగా వండుకునేవాళ్లు.

ఆ రోజు నాయనమ్మ చాలాసేపు లోపలికి రాలేదు. వచ్చాక గిన్నె బల్లమీద పెట్టి, "నాలుగే" అంది.

బాబాయి నోట్లో పళ్లు తోముకునే బ్రష్షు అలాగే ఉండిపోయింది. "సరిగ్గా చూశావా అమ్మా?"

"ఐదో దాని కోసం మట్టి కూడా గీరి చూశాను."

"ఇవాళ ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నారా?" అడిగింది అమ్మాయి తల్లి, అందరి మొహాలూ చూస్తూ. అందరికీ తాతయ్య గుర్తొచ్చాడు. కిందటిసారి చెప్పాపెట్టకుండా ఒక కాడ తగ్గింది ఆయన దారం కొనుక్కురావడానికి వెళ్లి వీధిలో కూలబడి ప్రాణం వదిలిన రోజునే.

తండ్రి లేచి వెళ్లి గేటుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. "ఎవరూ గడప దాటొద్దు. ఐదుగురం ఇక్కడే ఉందాం, ఐదుగురం కలిసే తిందాం. అప్పుడేం చేస్తుందో చూద్దాం ఆ మడి."

అమ్మాయి తలొంచుకుని కాఫీ తాగింది. ఆ తగ్గింది తనేనని ఆమెకి తెలుసు. సోంపు మొక్కల వెనకాల ఆమె సంచీ సర్ది ఉంది. రేపు పొద్దున రేవులో ఓడ కదులుతుంది. దాని ఇంజన్ గదిలో పని నేర్చుకోవడానికి ఆమెని ఎంచుకున్నారు. సాయంత్రం బస్సు ఎక్కకపోతే ఓడ లేదు, ఇంకో పిలుపూ లేదు. చిన్నప్పుడే తండ్రి కుట్టుమిషను విప్పి మళ్లీ బిగించిన పిల్ల. రెండు మరలు మిగిలిపోయేవి, అయినా మిషను ముందుకంటే బాగా నడిచేది. తండ్రికి మాత్రం ఆమె చేత కాజాలు కుట్టించాలని కోరిక. ఓడ మాటెత్తితే, "నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పని జరగదు" అన్నాడు.

ఇప్పుడాయన తన కంఠం తడుముకుంటున్నాడు.

పొద్దెక్కేకొద్దీ ఇల్లు ఉడికిపోయింది. కరెంటు స్తంభాలెక్కే బాబాయిని తల్లి పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. స్నానాల గదికి ఎవరెళ్లినా బయట ఇంకొకరు నిలబడి పేరంటం పిలిచినట్టు పిలుస్తూనే ఉండాలని హుకుం జారీ చేసింది. ఓపిక చచ్చిన బాబాయి పెరట్లోకి వెళ్లి, కోసిన కాడల్లో పొడుగుదాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క మడిలో గుచ్చి వచ్చాడు.

"ఇదిగో అమ్మా, ఐదు!"

నాయనమ్మ దాన్ని పీకి తెచ్చి వాడి చేతిలోనే పెట్టింది. "మడికి మస్కా కొడతావా? ఇది నీ వంతు. ఈ రెండు ముక్కలూ నువ్వే తిను."

మధ్యాహ్నానికి తండ్రి చొక్కా తడిసిపోయింది. చేతిలో గుడ్డ ఉంది, కుట్టు పడటం లేదు. అరచేత్తో ఛాతీ ఎడమవైపు రుద్దుకుంటున్నాడు. అమ్మాయికి మొదటిసారి అనుమానమొచ్చింది. తగ్గింది తను కాదేమో. గేటుకి తాళం ఉంది, తను ఎలాగూ వెళ్లలేదు. మరి మడి ఎవర్ని తీసేసినట్టు?

"ఇలా రా" అని పిలిచాడు తండ్రి. పెద్ద కత్తెర తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇది మీ తాతది. పదును పెట్టించేటప్పుడు పక్కనే నిలబడు, మార్చేస్తారు. మీ అమ్మకి లెక్కలు రావు, బాబాయికి నోరు ఆగదు. నాయనమ్మని చలిలో మడి దగ్గరికి వెళ్లనివ్వకు."

"నాన్నా, ఇవన్నీ నాకెందుకు చెప్తున్నావ్?"

"ఎవరికో ఒకరికి చెప్పాలిగా."

కత్తెర బరువుగా ఉంది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టేసింది. "నువ్వు కాదు నాన్నా. నేను. సాయంత్రం బస్సుకి చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నా. సంచీ సోంపు మొక్కల వెనకాల ఉంది."

పక్కగదిలో గరిటె కింద పడింది. తల్లి, వెనకాలే బాబాయి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తండ్రి మొహంలో ముందు రక్తం తిరిగొచ్చింది, ఆ వెనకే కోపం. "పొద్దున్నుంచీ నేను చస్తానని వణుకుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చెప్తే ఆపేస్తావని."

"ఆపుతాను! ఆపకుండా హారతిస్తానా? సంచీ లోపల పెట్టు. ఐదుగురం తింటున్నాం."

గోడకానుకుని కూర్చున్న నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఒరే, మడి నాలుగంది. నువ్వు దీన్ని పట్టుకుని కూర్చోబెడితే, లేచిపోయేదెవర్రా?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తల్లి మొగుడి ఛాతీ మీద ఆగిన అరచేతిని చూసింది. ఉన్నట్టుండి పెరట్లోకి పరిగెత్తి, మట్టి అంటిన సంచీ తెచ్చింది. దాంట్లోకి ఉన్ని శాలువా కుక్కింది, కొత్తిమీర కట్ట కుక్కింది, ఏడుస్తూనే అమ్మాయి భుజం పట్టి వాకిట్లోకి తోసింది.

"వెళ్లవే. ఇంకా చూస్తావేం? వెళ్లు!"

"అమ్మా, ఇప్పటిదాకా ఓడంటే మండిపడేదానివి..."

"ఇప్పుడూ మండుతున్నాను. నడు! ఏమండీ, తాళంచెవి."

తండ్రి గోడవైపు తిరిగి, చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. తాళంచెవి చెమటతో జారిపోయింది.

అమ్మాయి వెళ్లింది. ఇంట్లో ఎవరికీ ఊపిరి పూర్తిగా తిరక్కముందే గేటు దగ్గర మళ్లీ రొప్పుతూ గొంతు వినిపించింది. "బస్సు వెళ్లిపోయింది! నిండిపోయిందని ముందే కదిలించేశారట!"

"లోపలికి రాకు!" తల్లి, బాబాయి ఒకేసారి అరిచారు.

"మరి ఎక్కడికి పోను?"

"అక్కడే ఉండు! ఇంకా భోజనాలవలేదు!"

కొండ మీద ఎండ నారింజ రంగులోకి దిగుతోంది. బస్సు వంతెన దగ్గర టీ కోసం ఆగుతుందని అందరికీ తెలుసు. అక్కడ పట్టుకోవాలి. బాబాయి స్కూటర్ తాళం అందుకున్నాడు. నాయనమ్మ కర్రతో వాడి చెయ్యి మీద ఒకటేసింది. "నువ్వెళ్తే బల్ల దగ్గర ముగ్గురేగా! మడి నాలుగన్న రోజున ముగ్గురితో తిని, ఏమవుతుందో నన్ను చూడమంటావా?"

అప్పుడు తండ్రి గోడ నుంచి ఇటు తిరిగాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"వడ్డించు" అన్నాడు.

సగం ఉడికిన కాడలు, ఉప్పు లేదు, కారం లేదు. నలుగురూ కూర్చున్నారు. నోళ్లు కాలుతున్నా ఊదుకోకుండా నమిలారు. నాయనమ్మ పళ్లు లేని చిగుళ్లతో నానా తంటాలు పడుతుంటే, మిగతా ముగ్గురూ పరీక్ష రాసే పిల్లని చూసినట్టు ఆవిడ నోటినే చూశారు. బాబాయి తన రెండు ముక్కలూ మింగి నీళ్లు తాగాడు. నాయనమ్మ గొంతు కదిలింది.

"అయింది" అంది.

తండ్రి చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. స్కూటర్ గేటు దాటేసరికే అమ్మాయి వెనక ఎక్కేసింది. సైకిళ్ల వాళ్లు కూడా గంట కొట్టి పక్కకి తప్పుకోమనేంత నిదానంగా బండి నడిపే మనిషి ఆయన. ఆ సాయంత్రం గుంతల్ని చూడలేదు, మలుపుల్ని చూడలేదు. సంచీలోంచి కొత్తిమీర రెమ్మలు ఊడి దారంతా రాలాయి. ఒక్కసారి మాత్రం తండ్రి తల వెనక్కి తిప్పి, "చలికి చెవులు కప్పుకో" అన్నాడు.

వంతెన కనపడేసరికి బస్సు కదులుతోంది. తండ్రి హారన్ కొట్టాడు, ఆగలేదు. ఆయన స్కూటర్ని వంతెన మొదట్లో రోడ్డుకి అడ్డంగా పడేసి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. బస్సు కీచుమంటూ ఆయన పొట్టకి మూరెడు దూరంలో ఆగింది.

కండక్టర్ తల బయటపెట్టి అరిచాడు. "ఏం పెద్దాయనా, చావాలనుందా?"

"చావను లేవయ్యా, భోంచేసే వచ్చాను" అన్నాడు తండ్రి. "మా అమ్మాయిని ఎక్కించుకో."

కండక్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. కానీ తలుపు తీశాడు.