నాకు వైరస్ రాదన్న పేరు

నేను ఒక తెల్ల కంప్యూటర్ని. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల, తెల్ల కోట్లు తొడుక్కున్న మనుషులు నోరు విప్పకుండా పనిచేసే ఒక ఫ్యాక్టరీలో. నా పెట్టె మీద నా బరువు, కొలతలు, నన్ను ఎండలో పెట్టకూడదన్న హెచ్చరిక, అన్నీ అచ్చువేశారు. "దీనికి వైరస్ రాదు" అని మాత్రం ఎక్కడా వెయ్యలేదు. ఆ పేరు నాకు మనుషులు పెట్టింది. రాజమండ్రి ఇన్నీసుపేటలో నన్ను పెట్టెలోంచి బయటికి తీసేసరికి అది నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది.

నన్ను తెచ్చుకున్నది అవసరాల సోమయాజులు గారు. మూడు తరాలుగా పంచాంగం అచ్చువేసే ప్రెస్సు వారిది. దాన్ని చూడకుండా అడుగు తీసి అడుగు వెయ్యరు. సోమవారం ఇంటికొచ్చిన నన్ను గురువారం దాకా పెట్టెలోనే ఉంచారు, మంచి ఘడియ లేదని. ఆ ఘడియ వచ్చాక పసుపు, కుంకుమ పెట్టి, నా ముందే కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చుక్కలు నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. నా జన్మలో నాకు ఎదురైన మొదటి ఆపద అదే. చాలా ఏళ్ళదాకా ఏ వైరసూ నన్ను అంత కంగారు పెట్టలేదు.

నన్ను ముందుగదిలో, అద్దాల వెనక, ఏసీలో పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. నాకు ఎదురుగా, నడవాలో, మెట్ల కింద ఇంకొక మిషను ఉండేది. నల్లది. దాని ఫ్యాను గురకపెట్టేది. దాని ముందు తలాటం నూకరత్నం కూర్చునేది. పంచాంగంలో తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు, రాశిఫలాలు, ఒక్క అక్షరం పోకుండా టైపు చేసి పేజీలు కట్టేది ఆవిడే. పేజీ పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి నా దగ్గరికి పంపాలి. నల్లదాంట్లో దాని ఆనవాలు లేకుండా తుడిచెయ్యాలి. అది సోమయాజులు గారి ఆజ్ఞ. పంచాంగం రోగిష్టి మిషనులో రాత్రి నిద్ర చెయ్యకూడదట.

ఆ నల్లదాని జాతికి రోగిష్టి అన్న పేరు ఊరికే రాలేదు లెండి. ఆ రోజుల్లో లోకంలో నూటికి తొంభై మిషన్లు ఆ జాతివే. దొంగ ప్రోగ్రాములు రాసే వాళ్ళు ఇళ్ళు ఎక్కువున్న వీధికే వెళతారు కదా. మా తెల్లవాళ్ళం ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళం. మా కోసం ఎవడు రాత్రింబవళ్ళు కూర్చుని దొంగతాళాలు తయారుచేస్తాడు? నన్ను ఎవరూ దోచకపోవడానికి కారణం నా తలుపు గట్టిదై కాదు, నా వీధి దొంగలకి తెలియక. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, వచ్చిన వాళ్ళందరూ "అబ్బ, దీనికి వైరస్ రాదటండీ!" అంటుంటే వింటూ కూర్చున్నాను. పొగడ్త ఎవరికి చేదు?

సోమయాజులు గారు అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన నాకు మడి కట్టారు.

"ఇదిగో రత్నం, ఏ పార్టీ తెచ్చిన పెన్‌డ్రైవ్ అయినా ముందు ఈ తెల్లదాంట్లో గుచ్చి తియ్యాలి. శుద్ధి అయిపోతుంది. ఆ తరవాతే నీ నల్లదాంట్లో పెట్టుకో" అన్నారు.

ఆ రోజు నుంచి శుభలేఖలవాళ్ళు, కరపత్రాలవాళ్ళు, కాలేజీ ప్రాజెక్టులవాళ్ళు, ఎవరు ఏ పెన్‌డ్రైవ్ తెచ్చినా సోమయాజులు గారు స్వహస్తాలతో దాన్ని నాకు గుచ్చేవారు. పది లెక్కపెట్టి తీసేవారు. నేను ఆ పదిలో ఏం చేసేదాన్నని అడుగుతారేమో. ఏమీ చేసేదాన్ని కాదు. అందులో ఉన్న వైరస్సులు నన్ను చూసి, "ఇది మనకి పనికొచ్చే ఇల్లు కాదు" అని ముడుచుకుని పడుకునేవి. పది లెక్కకి నిద్రలేచి, క్షేమంగా నల్లదాని దగ్గరికి వెళ్ళేవి. సాయంత్రానికి అది మూలిగేది.

"మళ్ళీ వచ్చిందండి పంతులుగారూ. మీరు శుద్ధి చేసి ఇచ్చిందే పెట్టేనండి" అనేది రత్నం.

"నేనిచ్చింది శుద్ధంగానే ఉంటుంది. నీ మిషను జాతే అంత" అనేవారాయన.

నాకు నోరుంటే చెప్పేదాన్ని. లేదు కాబట్టి తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, సిగ్గుగానే ఉంది.

తిట్లు తిన్న వాళ్ళు ఊరికే ఉండరు, నేర్చుకుంటారు. ఆ నల్లదాన్ని తయారుచేసిన వాళ్ళు ఏళ్ళ తరబడి లోకం చేత చీవాట్లు తిని, ఒక్కొక్క కిటికీకీ గొళ్ళెం బిగించుకుంటూ వచ్చారు. ఇక్కడ రత్నం కూడా అంతే. సర్వీసుకు వచ్చే కరీముల్లాని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అన్నీ అడిగి తెలుసుకునేది. అప్‌డేట్ వచ్చిందంటే ఆ రోజే వేసేది. పెన్‌డ్రైవ్‌ని తనే మరొకసారి యాంటీవైరస్‌తో చూసి గాని తెరిచేది కాదు. ఆరేళ్ళు తిరిగేసరికి నల్లది మూలగడం మానేసింది. ఇంకో రెండేళ్ళకి గురక కూడా తగ్గింది. కానీ దాన్ని రోగిష్టి అనడం సోమయాజులు గారు మానలేదు.

ఈ లోపు మా జాతి పెరిగిపోయింది. డాక్టర్ల బల్లల మీద, ప్లీడర్ల బల్లల మీద, పెళ్ళి ఫొటోలవాళ్ళ దగ్గర, ఎక్కడ చూసినా మేమే. దొంగలకి మా వీధి తెలిసిపోయింది. నా తయారీదారులకి ఆ సంగతి తెలుసు కాబట్టే నాకూ అప్‌డేట్లు పంపేవారు. కానీ అప్‌డేట్ వేసుకోమని నేను యజమానిని అడగగలిగేది నాకు పని లేనప్పుడే. సోమయాజులు గారి ప్రెస్సులో నాకు పని లేనిది రాహుకాలంలో. ఆ గంటన్నరా ఆయన ఏ పనీ మొదలుపెట్టరు. సరిగ్గా అప్పుడే నేను "అప్‌డేట్ వేసుకోమంటారా?" అని అడిగేదాన్ని. ఆయన గడియారం చూసి, "ఇప్పుడా? అపచారం!" అని "తరవాత" అన్న మీట నొక్కేవారు. ఆ "తరవాత" ఆరేళ్ళపాటు రాలేదు.

అయితే రాహుకాలంలో ఆయన పని చెయ్యరు గాని, ఖాళీగా మాత్రం కూర్చోరు. పని కానిది ఏదైనా చెయ్యవచ్చని ఆయన లెక్క. ఇంటర్నెట్టులో ఊరికే వచ్చే దేవుడి బొమ్మలు, అంచులు, ఫాంట్లు దించుకోవడం పని కిందికి రాదు. ఉగాది ఇంకా పందొమ్మిది రోజులుందనగా, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి, ఆయనకి ఒక చోట చక్కటి తెలుగు ఫాంటు కనపడింది. ఉచితం. దించుకున్నారు. లోపలికి రావడానికి అది పాస్‌వర్డ్ అడిగింది. నేను ఒకటికి రెండుసార్లు హెచ్చరించాను. "నీకేం వస్తుందే, పిచ్చిదానా!" అని ముద్దుగా అంటూ పాస్‌వర్డ్ కొట్టేశారు.

అది ఫాంటు కాదు. నా కడుపులో ఉన్న ఒక్కొక్క ఫైలుకీ తాళం వేసుకుంటూ పోయింది. నాలుగున్నరకి రాహుకాలం వెళ్ళిపోయి, ఆయన శుభమా అని పంచాంగం తెరవబోతే నూటపన్నెండు పేజీల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని నా తెర మీద ఎర్రక్షరాల బెదిరింపు ఒకటి నిలబడింది.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రత్నం! నీ నల్లదాని పాపం దీనికి చుట్టుకుంది! నీ పెన్‌డ్రైవ్‌లోంచే పాకింది!"

"నాది పొద్దున్నే చూసేనండి. దాన్లో ఏం లేదండి. ఒకసారి కరీముల్లా గారిని పిలిపించండి..."

"ఇంకేం పిలిపించేది? నువ్వు బయటికి నడువు."

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుని, టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతటితో పోనిచ్చారా అంటే, అదీ లేదు. ఆ వీధిలో ఉన్న నాలుగు ప్రెస్సులకీ ఫోన్ చేశారు. "నూకరత్నం వస్తే పెట్టుకోకండి. వైరస్ తెస్తుంది" అని చెప్పారు. మనిషి వైరస్ ఎలా తెస్తుందని నలుగురిలో ఒక్కడూ అడగలేదు. పంచాంగం వేసే ఆయన మాట కదా! రెండు రోజులు రత్నం ఆ నాలుగు గుమ్మాలూ తిరిగింది. ఆవిడకి తెలిసిన విద్య ఒక్కటే. ఆ విద్యకి ఆ పేటలో ఇక చోటు లేకుండా పోయింది.

శుక్రవారం కరీముల్లా వచ్చాడు. గంటసేపు నా లోపల వెతికి లేచాడు.

"గురువుగారూ, ఇది ఎక్కణ్ణుంచీ పాకలేదండి. ఇక్కడే పుట్టింది. మంగళారం మూడూ ముప్పైరెండుకి ఎవరో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రానిచ్చేరు."

"మంగళవారం మూడూ ముప్పైరెండంటే రాహుకాలం. ఆ వేళప్పుడు నేనసలు ఏ పనీ..." అని ఆయన ఆగిపోయారు. ఆ పాస్‌వర్డ్ తెలిసినది ప్రెస్సులో ఆయన ఒక్కరికే.

"తాళం ఊడదండీ" అన్నాడు కరీముల్లా. "కానీ నల్లదాంట్లో ఓ ఏర్పాటుందండి. తుడిచేసిన ఫైలుని నెల్రోజులు ఓ మూల దాచి ఉంచుద్ది. రత్నంగారు పెట్టించుకున్నారు. మీకూ చెప్పేనన్నారే?"

చెప్పింది. నేను విన్నాను. ఆయన చెవిన పెట్టలేదు. ఇంతకీ ఆ మూల తెరవాలంటే రత్నం పాస్‌వర్డ్ కావాలి. పంచాంగం అచ్చుకి పన్నెండు రోజులు పడుతుంది. మిగిలింది పదహారు. ఆ ఏడు సోమయాజులు గారి రాశికి రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి అని ఆయన పంచాంగంలోనే ఉంది. ఆ ఒకటి ఎప్పుడొస్తుందో మాత్రం అందులో వెయ్యలేదు.

కబురు పెడితే రత్నం వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడింది.

"అయిందేదో అయిందమ్మా. వచ్చి ఆ ఫైళ్ళు తియ్యి. నీ ఉద్యోగం నీకుంటుంది" అన్నారాయన.

"ఫైళ్ళు తీసిస్తానండి. అయి నేను కొట్టిన పేజీలే కదండీ, పోనిస్తానా? కానీ నా పేరు పాడైపోయిందండి."

"ఆ నలుగురికీ మళ్ళీ ఫోన్ చేసి చెబుతాలే."

"మొహమాటానికి చెప్పేరనుకుంటారండి. అచ్చెయ్యండి. మన పంచాంగం ఆఖర్న తప్పొప్పుల పట్టికుంటది కదండీ, అందులో."

ఆయన గుడ్లు తేలేశారు. "పంచాంగంలోనా! అది శాస్త్రమమ్మా!"

"తిథి రెండు ఘడియలు తప్పితే మరుసటేడు అచ్చేసి మరీ ఒప్పుకుంటారు. మనిషి మీద తప్పు చెప్తే ఒప్పుకోరా అండీ?"

ఆయన గడియారం కేసి చూశారు. ప్రాణం కుదుటపడినట్టు, "ఇప్పుడు వర్జ్యం. ఇలాంటివి ఇప్పుడు తేల్చకూడదు" అన్నారు.

"అలాగేనండి. అయ్యేదాకా కూర్చుంటాను" అని ఆవిడ మెట్టు మీద కూర్చుంది.

గంటన్నర కూర్చుంది. ఆయన లోపల పచార్లు చేశారు. రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, ఎర్రక్షరాలు చూసి వెళ్ళిపోయారు. నా మీద అంత జాలి నాకెప్పుడూ కలగలేదు, ఆయన మీద కూడా. వర్జ్యం దాటాక ఆయనే బయటికి వచ్చి, "రా అమ్మా" అన్నారు.

రత్నం పాస్‌వర్డ్ కొట్టింది. నూటపన్నెండు పేజీలూ వరసగా బయటికి వచ్చాయి, ఒక్క వర్జ్యం కూడా చెదరకుండా. తరవాత తప్పొప్పుల పేజీ తెరిచి కుర్చీలోంచి లేచింది.

"కొట్టమ్మా, నేను చెబుతాను" అన్నారాయన.

"మీరే కొట్టండి."

పదేళ్ళలో మొదటిసారి సోమయాజులు గారు మెట్ల కింద కూర్చున్నారు. ఒక్క వేలితో, ఇరవై నిమిషాలు పట్టింది. "మా ఆపరేటరు" అని కొడితే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంటిపేరుతో సహా కొట్టించింది. అన్నేళ్ళుగా ఆ పంచాంగానికి పేజీలు కట్టిన మనిషి పేరు అందులో ఎక్కడం అదే మొదలు.

ఆ ఉగాదికి ఇన్నీసుపేటలో పంచాంగాన్ని అందరూ వెనక నుంచి తెరిచారు. రాశిఫలాలు తరవాత చూసుకున్నారు. నాలుగో రోజున ఎదురు ప్రెస్సువాళ్ళు రత్నాన్ని పిలిచి పనిలోకి తీసుకున్నారు. సోమయాజులు గారు ఉండమని బతిమాలారు. ఆవిడ నమస్కారం పెట్టి వెళ్ళింది.

ఆయన మారారా అంటే, ఒక విధంగా మారారు. ఇప్పుడు ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా నల్లదాంట్లో గుచ్చి, పది లెక్కపెట్టి తీస్తున్నారట. "దీనికి వైరస్ రాదు" అంటున్నారట. దాని గొళ్ళేలు చూసుకునే మనిషి ఎదురు ప్రెస్సులో ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు. పాపం, ఆ నల్లదాన్ని తలుచుకుంటే నాకు భయంగా ఉంది.

నేను పాత సామాన్ల కొట్టుకి చేరాను. మొన్న ఒకాయన నన్ను తట్టి, "ఇది వైరస్ రాని రకం కదూ?" అని అడిగాడు. "అస్సలు రాదండి" అన్నాడు కొట్టువాడు, నా మీద దుమ్ము దులుపుతూ.

ఈ కొట్టుకి కాగితాలు కూడా వస్తాయి. ఏడాది తిరిగాక పాత పంచాంగాల కట్ట ఒకటి తెచ్చి నా పక్కన పడేశారు. పైనున్న దాని అట్ట ఊడిపోయి, ఆఖరి పేజీ నాకు ఎదురుగా ఉంది.

"తప్పు: మా ప్రెస్సులో వైరస్ తలాటం నూకరత్నం వల్ల వచ్చింది.

ఒప్పు: అవసరాల సోమయాజులు వల్ల వచ్చింది."

ఆ కట్టలో తిథులన్నీ, వర్జ్యాలన్నీ, ఆరు రాజపూజ్యాలతో సహా చెల్లిపోయాయి. ఆ రెండు వరుసలు మాత్రం ఇంకా చెల్లుతున్నాయి.