సుబ్బులు ఇంట్లో చెన్నపట్నం

మార్కాపురంలో మహబూబ్ బాషా పలకల కార్ఖానాలో పొద్దున ఏడింటికి పని మొదలయ్యేది. గని నుంచి బండ్ల మీద వచ్చిన రాతిని మగవాళ్ళు పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు. ఆడవాళ్ళు ఇసుకా నీళ్ళూ పోసి నున్నగా రుద్దేవాళ్ళు. మూలన కూర్చున్న ఓబులయ్య చెక్క చట్రాలు బిగించేవాడు. ఆఖరికి పలక సుబ్బులు చేతికి వచ్చేది. ఆమె బలపంతో దాని మీద ఒక వంకర గీత గీసి, తెల్లగా పడిందో లేదో చూసి, తడిగుడ్డతో తుడిచి కట్టలో పెట్టేది. ఇట్లా రోజంతా గీయడం, తుడవడం. అక్షరం ముక్క రాని మనిషి దేశంలో పిల్లలందరి పలకల మీదా మొదటి గీత తానే గీస్తోందని బాషా వేళాకోళం చేసేవాడు. సుబ్బులు నవ్వేది.

ఓబులయ్య కూర్చునే చోట ఆరేళ్ళ కిందటి దాకా ఆమె మొగుడు మాల్యాద్రి కూర్చునేవాడు. ఒకసారి పలకల కట్టలు దించి రమ్మని బాషా అతన్ని చెన్నపట్నం పంపాడు. కట్టలు క్షేమంగా చేరాయి. మనిషే తిరిగి రాలేదు. ఉత్తరం లేదు, కబురూ లేదు.

సుబ్బులు అన్న వెంకటస్వామి ఆమెకు మారుమనువు చేయాలని చూస్తున్నాడు. దర్శి వైపు గొర్రెలు కాసుకునే కాటమరాజు, పెళ్ళాం పోయినవాడు, నెమ్మదస్తుడు, ఒప్పుకున్నాడు కూడా. వాళ్ళ కులంలో మారుమనువుకు అడ్డు లేదు గాని ఒక కట్టు ఉంది. మొదటి మొగుడు చనిపోయి ఉండాలి. లేకపోతే అతని ఊరి పెద్ద ఎవరైనా వచ్చి నలుగురి ముందు, మావాడు వదిలేశాడు అని నోటితో చెప్పాలి. మాల్యాద్రిది అర్ధవీడు. ఆ ఊరి పెద్దలను అడిగితే, బతికున్నాడో లేడో తెలియనివాడి తరఫున మేమేం చెప్తామయ్యా అన్నారు. సుబ్బులుకు కాటమరాజు మీద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఎవరి పేరు మీద బొట్టు పెట్టుకుంటోందో తెలియకుండా రోజూ అద్దం ముందు నిలబడటం మాత్రం ఆమెకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది.

నలభై రెండో సంవత్సరం ఎండాకాలంలో జపానువాళ్ళు బాంబులేస్తారని చెన్నపట్నం దాదాపు ఖాళీ అయింది. ఒక వారం రోజుల పాటు రైలు దిగినవాళ్ళంతా ట్రంకుపెట్టెలూ చుట్టిన పరుపులూ మోసుకుని చుట్టాల ఇళ్ళు వెతుక్కున్నారు. అందరూ వచ్చేశాక, ఒక మధ్యాహ్నం స్టేషను జట్కాలోంచి ఒక ఆడమనిషి ఒంటరిగా దిగింది. వయసు ఇంతని చెప్పలేం. చీర అంచు తడిగా ఉంది, ఆ ఎండలో కూడా ఆరలేదు. ఒంటి నుంచి సముద్రం వాసన వస్తోంది. లేచి నిలబడ్డప్పుడల్లా ఎక్కడో ట్రాము గంట మోగినట్టయేది.

"ఎవురు బాషన్నా?" అంది సుబ్బులు.

బాషా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇంకెవురు, చెన్నపట్నం గదా. జనమంతా ఈడికొచ్చినాక ఆమె ఒక్కతే ఆడేం జేస్తది? నీ ఇంట్లో జాగా ఉంది, తీస్కపో సుబ్బులూ."

సుబ్బులు కాళ్ళకు నీళ్ళిచ్చి ఇంట్లోకి తీసుకుపోయింది.

చెన్నపట్నాన్ని ఇంట్లో పెట్టుకోవడం తేలిక కాదు. తెల్లవారకముందే బిందె తీసుకుని బావి దగ్గరికి పోయి, అక్కడ ఒక్క మనిషి కూడా లేకపోయినా, వరస ఎక్కడుంది అని అడిగేది. ఇద్దరు ఆడవాళ్ళు చేరగానే వాళ్ళతో పోట్లాడి, అయిదు నిమిషాల్లో వాళ్ళ బిందెలు తానే మోసేది. తెలుగులో మొదలుపెట్టిన మాటను అరవంలో నడిపి ఉర్దూలో ముగించేది. దారిన పోయే బిచ్చగాణ్ణి పిలిచి సుబ్బులు పొద్దుటికని దాచుకున్న సద్ది పెట్టేసేది, పక్కింటి భాగ్యమ్మ గుక్కెడు మజ్జిగ అడిగితే మాత్రం లేదనేది. ఎవరి పేరూ గుర్తుండేది కాదు, నడక మాత్రం గుర్తుండేది. బెజవాడ కూడా పెద్ద ఊరే అని ఎవరో అన్నందుకు ఒక పూట అన్నం మానేసింది.

ఒకనాడు బడిపంతులు ప్రభాకరరావు ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని, ఊరికి ఆత్మ ఉంటుందనడం ఉత్త కవిత్వమనీ, ఊరంటే ఇళ్ళూ మనుషులే తప్ప ఇంకేమీ లేదనీ వివరించాడు.

"మనుషులు వచ్చేశారు. ఇళ్ళు అక్కడే ఉన్నాయి. మరి నేనెవర్ని పంతులూ?" అంది చెన్నపట్నం.

ప్రభాకరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చదువుకునే రోజుల్లో మూర్ మార్కెట్టులో నా గొడుగు పోయింది" అన్నాడు.

"ఉంది" అంది ఆమె.

సుబ్బులు అడగాల్సింది అడగడానికి పది రోజులు పట్టింది. వినకూడనిది వినాల్సి వస్తుందేమోనని భయం. ఒక సాయంత్రం జొన్నలు చెరుగుతూ, "అక్కా, మాల్యాద్రి అని మా ఆయన నీ కాడికి వచ్చినాడు" అంది.

"పేర్లు నాకు తెలియవు. నడక చెప్పు."

"ఎడం పాదం బయటికి తిరిగి ఉంటది. రాయి పడింది దాని మీద."

చెన్నపట్నం కళ్ళు మూసుకుంది. "ఉన్నాడు. రేవు దగ్గర బస్తాలు మోస్తాడు."

సుబ్బులు చేతిలో చేట ఆగింది. "మరి ఎందుకు రాలే?"

"నేను వదల్లేదు. వచ్చినవాళ్ళను రమ్మన్లేదు, పొమ్మన్నదీ లేదు. కాని వదలడం నాకు చేతకాదు చెల్లీ. పట్టుకున్నానని వాళ్ళకూ తెలియదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండిపోతారు." ఆ మాట తప్పు ఒప్పుకున్నట్టుగా అనలేదు, తన ఎత్తు ఎంతో చెప్పినట్టుగా అంది.

ఆషాఢంలో భయం తగ్గి, పట్నం జనం మళ్ళీ రైలెక్కారు. కాని అక్కడి నుంచి వచ్చే కబుర్లు వింతగా ఉన్నాయి. ట్రాములు నడుస్తున్నాయట, కొళాయి దగ్గర ఎవరూ పోట్లాడటం లేదట. అందరూ నిదానంగా మాట్లాడుకుని పెందలాడే పడుకుంటున్నారట. పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ అక్కడ ఉండిపోయినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు వస్తున్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట ఈ ఊరి నుంచి పోయిన సీమోను చేతిలో టిఫిన్ క్యారేజీతో వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఎందుకొచ్చావురా అంటే, "ఏమో అమ్మా, పొద్దున్నే లేస్తే ఆడ ఉండాల్సిన పని కనపడలా" అన్నాడు.

అది విన్న రోజే సుబ్బులుకు సంగతి అర్థమైంది. చెన్నపట్నం తన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అక్కడ పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. మాల్యాద్రి కూడా వస్తాడు.

చెన్నపట్నానికి అప్పటికే కాళ్ళు నిలవడం లేదు. "ఇక బయల్దేరతాను సుబ్బులూ" అని రోజూ అనేది. ఆ వైపు ఇంటికి వచ్చిన ఆడమనిషి ఇల్లాలి చేత బొట్టు పెట్టించుకోకుండా గడప దాటదు. పట్నమైనా ఆ మర్యాద ఆమెకు తెలుసు. సుబ్బులు కుంకుమ భరిణె బియ్యపు కుండలో దాచింది. ఈరోజు మంగళవారం అనేది, రేపు అమావాస్య అనేది, వర్జ్యం అనేది. చెన్నపట్నం సముద్రం ఉన్న దిక్కుకు తిరిగి అరుగు మీద కూర్చునేది. చీర అంచు మెల్లగా ఆరిపోవడం మొదలుపెట్టింది. సుబ్బులు అది చూసింది. జాలి వేసింది. అయినా భరిణె తీయలేదు.

వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు మాల్యాద్రి వచ్చాడు.

ఎడం పాదం ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చి, తన ఇంటికే దారి తప్పి వచ్చినవాడిలా నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. చంకలో ఒక మూట. సుబ్బులు మంచినీళ్ళిచ్చింది. ఆరేళ్ళుగా పోగుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టి అతని చంకలోని మూట అందుకుంది.

మూట విప్పితే ఒక పంచె, దాని మడతలో ఒక పలక ఉన్నాయి. చట్రం చూడగానే అది బాషా కార్ఖానాదని ఆమెకు తెలిసిపోయింది. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలు రెండు, మూడోది సగం.

"ఎవురిది?"

మాల్యాద్రి తల వంచుకున్నాడు. "పిల్లది. నాలుగేండ్లు."

"ఏడుంది?"

"ఆడనే. వాళ్ళమ్మ కాడ."

"చెప్పి వచ్చినావా?"

"చెప్పలా. పిల్ల రాస్తా ఉంటే చెయ్యి పట్టుకుని దిద్దిస్తా ఉన్నా. మజ్జలో లేచి స్టేషనుకు పోయినా. పలక ఎందుకు తెచ్చినానో, నేనెట్ల వచ్చినానో నాకే తెల్దు సుబ్బులూ."

సుబ్బులుకు కోపం రాలేదని కాదు. వచ్చింది. అతన్ని ఏం చేసినా పాపం లేదనిపించింది. కాని చేతిలో ఆ పలక ఉంది. అక్కడ ఒక ఆడది ఈ పూట వాకిట్లో నిలబడి వీధి చివరి దాకా చూస్తూ ఉంటుంది. రేపూ చూస్తుంది. అట్లా చూడటం ఎట్లా ఉంటుందో సుబ్బులుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరేళ్ళ కిందట తనకు జరిగిందే ఇప్పుడు తానే ఇంకొకదానికి చేసింది, బియ్యపు కుండలో భరిణె దాచి.

ఆ రాత్రి మాల్యాద్రి అరుగు మీద పడుకున్నాడు. తెల్లారి సుబ్బులు తలకు పోసుకుని, కుంకుమ భరిణె తీసుకుని చెన్నపట్నం ముందు కూర్చుంది.

"అక్కా, మొగం ఇటు తిప్పు."

బొట్టు పెట్టగానే ట్రాము గంట మోగింది. ఆరిపోయిన చీర అంచు తడిసి, నీళ్ళు గచ్చు మీదికి కారాయి.

సాగనంపడానికి వీధంతా వచ్చింది. వెంకటస్వామి వచ్చాడు, కులపెద్దలిద్దరు వచ్చారు, బాషా కార్ఖానా ఆపి వచ్చాడు. చెన్నపట్నం జట్కా మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, ఎప్పుడూ లేనిది ఒక మనిషిని పేరుతో పిలిచింది.

"మాల్యాద్రీ, ఇటు రా." అతను వచ్చాడు. ఆమె పెద్దల వైపు చూసింది. "ఇతను ఇప్పుడు నా ఊరివాడు. ఇతని ఊరి తరఫున నలుగురి ముందు నేనే చెప్తున్నా. మావాడు వదిలేశాడు. తప్పు మావాడిదే. సుబ్బులు ఎవరికీ కట్టుబడి లేదు."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరి పెద్ద చెప్పాలని కట్టు, ఇక్కడ ఊరే వచ్చి చెప్పింది. ఇంకేం అడుగుతారు? సరేనన్నారు. మాల్యాద్రి కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని ఎవరూ ఓదార్చలేదు.

సుబ్బులు తన కొత్త రవిక గుడ్డలో పలకను చుట్టి, రాసిన వైపు చెరగకుండా మధ్యలో ఎండుగడ్డి పెట్టి, అతని చేతికిచ్చింది. చేతికి వచ్చిన ప్రతి పలకనూ తుడిచే మనిషి ఆ ఒక్కదాన్ని తుడవలేదు. "మూడో అచ్చరం పూర్తి చేయించు" అంది.

చెన్నపట్నం ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం నా దగ్గరికి రావద్దు చెల్లీ" అంది. "నా సంగతి నీకు తెలుసు."

"తెల్సు అక్కా. పోయిరా."

మాల్యాద్రి కూడా ఎక్కాక జట్కా కదిలింది. ఆ వారంలోనే సీమోనూ, అతని వెంట మరి నలుగురూ రైలెక్కారు. ఎందుకు పోతున్నారో చెప్పలేకపోయారు. నెల తర్వాత ప్రభాకరరావుకు పార్సిల్‌లో ఒక పాత గొడుగు వచ్చింది. ఆయన దాని గురించి ఎవరితోనూ వాదించలేదు.

కాటమరాజు సంగతి ఏం చేద్దామని వెంకటస్వామి అడిగితే సుబ్బులు, "దసరా పోయినాక రమ్మను అన్నా. నేనే మాట్లాడతా. నచ్చితే అవునంటా, లేకుంటే లేదంటా" అంది. ఆమె అట్లా అనడం అతను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున అద్దం ముందు బొట్టు పెట్టుకుంది. ఎవరి పేరు మీద అని ఆలోచించలేదు. ఏడింటికి కార్ఖానాలో కూర్చుని, చెన్నపట్నం పోయే కట్ట ముందు పెట్టుకుంది. గీత గీసింది, తుడిచింది, పెట్టింది. కట్టలో ఆఖరి పలక మీద గీత గీసి తడిగుడ్డ అందుకోబోయి, మళ్ళీ కింద పెట్టేసింది. బాషా చూశాడు.

"అది తుడవలేదు సుబ్బులూ."

"ఉండనీలే బాషన్నా. ఆడ ఎవురో ఒకరు ఇంకో గీత గీస్తారు."

బాషా కట్ట బిగించాడు.