శాపానికి పలికిన ఆమేన్

చోడవరం శివారు ప్రార్థన మందిరంలో దాసు అన్నంత గట్టిగా ఆమేన్ అనేవాడు మరొకడు లేడు. పాస్టరు వాక్యం ముగించకముందే అనేవాడు. ఒకసారి ఎవరికో కామెర్లు వచ్చాయని చెబుతుంటే దానికీ అన్నాడు. సంఘపెద్ద కాబట్టి ఎవరూ నవ్వలేదు.

ఆ దాసే, నూకరత్నం భర్త పోయి ఏడాది తిరక్కుండా, ఆమె వరిమడికీ తన చెరుకుతోటకీ మధ్యనున్న హద్దురాయిని ఆమె మడిలోకి జరిపాడు. పోయినవాడు అతనికి వరసకు తమ్ముడు. సమాధి దగ్గర అందరికంటే ముందు ఏడ్చిందీ ఇతనే. కలుపుకున్న నేలలో చెరుకు వేయించాడు, అది మొలిచింది. ఊరంతా చూసింది, చూడనట్టు ఊరుకుంది.

నూకరత్నం వెళ్ళి అడిగితే, "రాయికి కాళ్ళొచ్చేయేటమ్మా? ప్రార్థన సేసుకో, మనశ్శాంతి వస్తాది" అన్నాడు.

ఆమె కొత్తగా వచ్చిన పాస్టరు శ్యాంప్రసాద్ దగ్గరికి వెళ్ళింది. విశాఖపట్నంలో చదువుకొచ్చిన యువకుడు. అతనుండే గది దాసుదే.

"పేరెత్తి అడగలేనమ్మా" అన్నాడు తల దించుకుని.

"మరేటి సెయ్యగలరు అయ్యగారూ?"

"వాక్యం చెప్పగలను."

ఆమె వచ్చేసింది. ఆ ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో ఆమెకు తేలలేదు.

ఆదివారం శ్యాంప్రసాద్ ఆమేన్ గురించే చెప్పాడు. అది హెబ్రీ మాట అనీ, స్థిరమైనది, నమ్మదగినది అనే అర్థంలోంచి పుట్టిందనీ చెప్పాడు.

"మనం దాన్ని ప్రార్థన అయిపోయిందని చెప్పడానికి వాడుతున్నాం. కాని బైబిల్లో ఆ మాట మొదట కనబడేది స్తుతిలో కాదు, శాపంలో. భర్త అనుమానించిన ఆడదాని మీద యాజకుడు శాపం పలికితే, తప్పు చేసివుంటే అది నాకు తగలనీ అని ఆమె ఆమేన్ అనాలి. తర్వాత ఏబాలు కొండ దగ్గర దేవుని సేవకులైన లేవీయులు ఒక్కో శాపం పలుకుతుంటే జనమంతా ఆమేన్ అనాలి. అన్నవాడు ఆ శాపానికి ఒప్పుకున్నట్టే."

"ఆమేన్!" అన్నాడు దాసు.

పాస్టరు ఆ శాపాలు ఒక్కొక్కటే చెప్పసాగాడు. తల్లిదండ్రులను చులకన చేసేవాడికి శాపం. అందరూ ఆమేన్ అన్నారు. అతను తలెత్తకుండా తర్వాతది చదివాడు. పొరుగువాడి హద్దురాయి జరిపేవాడికి శాపం.

"ఆమేన్!"

ఒక్క గొంతే. మందిరంలో ఇంకెవరూ నోరు విప్పలేదు. తానేమన్నాడో ఆలస్యంగా తెలిసి దాసు ముఖం మాడిపోయింది.

నూకరత్నం చాప మీంచి లేచింది. "ఇన్నారు కదా? ఎవులూ బలవంతం సెయ్యలేదు. బావే అన్నాడు."

"ఒసే రత్నం, కూకో! ఆమేనంటే అలాగే జరగనీ అని. జరిగిపోయిందని కాదు."

"నేనూ అదే అంతన్నాను. తప్పు సెయ్యకపోతే ఆ శాపం నిన్నేటి సేస్తాది? నీకెందుకు బయం?"

దాసు చెమట తుడుచుకున్నాడు. "ట్రాక్టరు తగిలి జరిగిందేమో..." అని గొణిగాడు. రాయికి కాళ్ళు లేవన్న మనిషికి ఇప్పుడు ట్రాక్టరు దొరికింది.

సోమవారం పొద్దున్నే నూకరత్నం, తోటికోడలు చిన్నతల్లిని వెంటబెట్టుకుని గునపాలతో, పారతో పొలానికి వెళ్ళింది. నిన్నటిదాకా ఏమీ చూడని ఊరు, రాయి ఇదివరకు ఎక్కడుండేదో ఇప్పుడు వేలెత్తి చూపించింది. ఇద్దరూ రాయిని పెకలించి పాతచోట నిలబెట్టారు. దాసు గట్టు మీద నిలబడి చూశాడు. అడ్డుపడే ధైర్యం లేదు, ఇంటికి పోయే సిగ్గూ లేదు.

పాస్టరు వచ్చి, "దేవుడు కార్యం చేశాడమ్మా" అన్నాడు.

నూకరత్నం పార అతని చేతికిచ్చింది. "మట్టి తొయ్యండి."

అతను తోశాడు.

"ఆ సెరుకైనా ఎదగనీ రత్నం, కోసుకుపోతాను" అన్నాడు దాసు.

ఆమె కొడవలి తీసి, తన నేలలోని లేత చెరుకంతా కోసి, గేదెకి వేయడానికి మోపు కట్టింది.